మొక్కకు అందేదెంత

ఆత్మకూరు,
24 జూన్ 2024.

ఆదినారాయణ మామకు,

నిరోష నమస్కారాలు. ఫోన్ చేస్తే అత్త ఎత్తి, "మీ మామకు వినపడదు గదమ్మా, నాకు చెప్పు" అంటోంది. నేను చెప్పాల్సింది అత్త చేత చెప్పించేది కాదు. ముప్పై అయిదేళ్ళు ఊరి పోస్టాఫీసు నడిపినవాడివి, ఉత్తరమైతే నీ చేతికే వస్తుందని రాస్తున్నాను.

శుక్రవారం ఏం జరిగిందో నీకు తెలుసు. అయినా మళ్ళీ రాస్తాను. రాస్తే తప్ప నేను ఏం చేశానో నాకే సరిగ్గా కనపడేట్టు లేదు. మాల్యాద్రి పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించిన షెడ్డు మూతపడి ఆరేళ్ళయింది. దాని చుట్టుపక్కల నేలల్లో ఎంత సీసం మిగిలిందో చూడమని మా ల్యాబ్‌కు పని అప్పజెప్పారు. మే నెలలో ఊరికొచ్చి పన్నెండు చోట్ల మట్టి తీశాను. అందులో నీ అరెకరం ఆకుకూరల మడి ఒకటి. నువ్వే దగ్గరుండి పార పట్టావు. ఎండలో ఉన్నానని చెంబుతో మజ్జిగ తెచ్చావు.

శుక్రవారం ఊరి సభలో పన్నెండు పేర్లూ పన్నెండు అంకెలూ మైకులో చదివాను. అన్నిటికంటే పెద్దది నీదే. కిలో మట్టిలో నాలుగువందల పన్నెండు మిల్లీగ్రాముల సీసం. బడిలో వంట చేసే ప్రసన్నకుమారి లేచి, "ఆ మడి కూరే గదమ్మా మేము పిలకాయలకు పప్పులో ఏసేది. పెట్టొచ్చా?" అని అడిగింది. "పెట్టకూడదు" అన్నాను. ఒక్క క్షణం ఆగలేదు. అందరూ నీ వైపు తిరిగారు. నువ్వు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని పక్కాయనను "ఏమనింది?" అని అడుగుతున్నావు. ఆయన నీ చెవిలో గట్టిగా చెప్పాడు. ఆ మాట మైకు లేకుండానే సభంతా వినపడింది.

నువ్వు కండువా సర్దుకుని వెళ్ళిపోయావు. నేను ఇంటికి రాకుండా, అత్త వండిపెట్టిన అన్నం తినకుండా బస్సెక్కాను. ముఖం చెల్లలేదు. అంకె చదవడం ఉద్యోగం. కానీ ముందుగా ఇంటికొచ్చి, నీ ఎదురుగా కూర్చుని, నీకు వినపడేట్టు చెప్పి ఉండాల్సింది.

తిట్టాలనిపిస్తే తిట్టు. జవాబు మాత్రం రాయి.

నీ మేనకోడలు
నిరోష


(ఉదయగిరి దగ్గర మన ఊరి నుంచి)
3 జూలై 2024.

చిరంజీవి నిరోషకు మామ దీవెనలు.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఇప్పుడు పోస్టాఫీసులో ఉన్న అమ్మాయి ముద్ర సరిగా వెయ్యదు, తేదీ సగమే పడింది. చెబితే నవ్వుతుంది.

నీ మీద నాకు కోపం లేదు. మడి మొత్తం పీకేశాను. పాలకూర, తోటకూర, చుక్కకూర, అన్నీ. గొడ్లు తినకూడదని గుంట తవ్వి పూడ్చాను. మనిషిని పెట్టుకోమని మీ అత్త చెప్పింది గానీ నేనే పీకాను. నాలుగు రోజులు పట్టింది. దోవన పోయేవాళ్ళు గట్టు మీద నిలబడి చూసి పోయారు. ఎవరూ పలకరించలేదు, నేనూ తలెత్తలేదు.

ఉదయగిరి బస్టాండు దగ్గర మీ అత్త గంప పెట్టుకుని కూర్చునే చోటు నీకు తెలుసు గదా. సభ అయిన మర్నాడు పోతే ఒక్క కట్ట కూడా కదల్లేదు. ఎప్పుడూ కొనే టీచరమ్మ దగ్గరికొచ్చి, "కామాక్షమ్మా, మీ కూరేనంట గదా" అని, చేత్తో పట్టుకున్న కట్ట మళ్ళీ గంపలో పెట్టి పోయిందట. మీ అత్త గంపతో సహా వెనక్కి వచ్చేసింది. మళ్ళీ పోలేదు.

ఆరేళ్ళు ఆ బడికి కూర ఇచ్చాను, అమ్మాయ్. నువ్వు చెప్పిన మాట విన్నప్పటినుంచి ఆ పిలకాయల ముఖాలే గుర్తొస్తున్నాయి. ఇప్పుడు బడి ముందునుంచి పోవడం మానేశాను. చెరువు కట్ట మీదుగా చుట్టు తిరిగి పోతున్నాను.

తప్పు నీదని రాశావు. నీది కాదు.

ఆశీర్వదించి,
ఆదినారాయణ

మీ అమ్మకు ఇవేవీ చెప్పవద్దు. తోడబుట్టినవాడి సంగతి ఊళ్ళోవాళ్ళ నోట వినే రోజు ఎట్లాగూ వస్తుంది.


ఆత్మకూరు,
11 జూలై 2024.

మామకు,

ఎందుకు పీకావు మామా? ఉత్తరం చదివి ల్యాబ్‌లో స్టూలు మీద అట్లాగే కూర్చుండిపోయాను. ఒక్క వారం ఆగి ఉంటే బాగుండేది. ఆ మాట నీకు చెప్పే హక్కు నాకు లేదనుకో.

నేను సభలో చదివిన అంకె గురించి ఒక సంగతి చెప్పాలి. జాగ్రత్తగా చదువు. నాలుగువందల పన్నెండు అనేది మట్టిని ఘాటైన ఆసిడ్‌లో ఉడికించి, లోపల ఉన్న సీసమంతా బయటికి లాగితే వచ్చేది. తోటకూర వేరు దగ్గర అంత ఆసిడ్ లేదు. అది మట్టి తడిలోకి దిగినదాన్నే తాగుతుంది. నీ మడి సున్నపు నేల. అలాంటి నేల సీసాన్ని గట్టిగా పట్టుకుని వదలదు. కాబట్టి మట్టిలో ఎంత ఉంది అనేది ఒక ప్రశ్న, మొక్కకు ఎంత అందుతుంది అనేది ఇంకో ప్రశ్న. రెండోదానికి వేరే పరీక్ష ఉంది. డీటీపీఏ అనే మందు కలిపిన నీళ్ళలో మట్టి వేసి, రెండు గంటలు ఊపి, వడగట్టి, ఆ నీళ్ళలోకి దిగిన సీసాన్ని కొలుస్తాం.

నీ మట్టి సంచి ఇంకా నా దగ్గరే ఉంది. శనివారం ఆ పరీక్ష చేశాను. వచ్చింది కిలో మట్టికి పద్దెనిమిది మిల్లీగ్రాములే.

ఆకు కూడా పరీక్ష చేస్తేనే గట్టిగా చెప్పగలను. ఎక్కడైనా గట్టు వార ఒక్క మొక్క మిగిలి ఉంటే వేరుతో సహా పీకి, తడిగుడ్డలో చుట్టి, ఆత్మకూరు బస్సు కండక్టరు చేతికివ్వు. నేను బస్టాండుకు పోయి తీసుకుంటాను.

నిరోష


ఊరి నుంచి,
20 జూలై 2024.

నిరోషకు,

నెల కింద నాలుగువందల పన్నెండు. ఇప్పుడు పద్దెనిమిది. ఆ మట్టే, ఆ సంచే, ఆ కొలిచేదానివీ నువ్వే. మామ గదా, ఊళ్ళో తలెత్తుకోలేకున్నాడు గదా అని తగ్గించావా? నా మీద జాలితో అంకె మార్చవద్దు. ముప్పై అయిదేళ్ళలో నేను ఒకరి కవరు విప్పి చూడలేదు, ఒకరి పేరు మీద వచ్చింది ఇంకొకరికి ఇవ్వలేదు. నా చెల్లెలి బిడ్డ నా కోసం దొంగ లెక్క రాసిందని ఎవరన్నా అంటే, అది ఈ సీసం కంటే పెద్ద సిగ్గు. మొక్క పంపను.

ఇంకొకటి. మొన్న హుసేనయ్య వచ్చాడు. మన పనులకు వచ్చేవాడే, చెరువులో చేపలు పడతాడు. వాడి మనవరాలు పెంచలమ్మకు నాలుగేళ్ళు. ఇంకా మాటలు రాలేదు, ఎప్పుడూ కడుపు నొప్పని ముడుచుకుని పడుకుంటుంది. వాకిట్లో నిలబడి, "అయ్యా, మా పిల్ల అట్టా ఉండేది నీ మడి కూర వల్లేనంటా ఉండారు. నిజమా?" అని అడిగాడు. నాకు వినపడక రెండుసార్లు అడిగించుకున్నాను.

"నా మడి కూర మీరు ఎప్పుడన్నా తిన్నార్రా?" అన్నాను.

"లేదయ్యా. నువ్విచ్చిన ఆ మూల పెరట్లోదే గదా మేము తినేది."

"అట్టయితే నీకేం భయంలేదు, పో" అన్నాను.

వాడు నా మాట నమ్మి పోయాడు.

ఆదినారాయణ


ఆత్మకూరు,
2 ఆగస్టు 2024.

మామకు,

దొంగ లెక్క అన్నావు. నాకు పట్టరాని కోపం వచ్చింది. రెండు రోజులు ఆగి మళ్ళీ చదివితే కోపం పోయింది, ఎందుకంటే నీ మాటలో నా తప్పు ఒకటి నాకు దొరికింది. నువ్వు అనుకున్నది కాదు. ఇంకా చెడ్డది.

మొక్కకు అందేది వేరే కొలవాలని నాకు సభకు ముందే తెలుసు. ఎమ్మెస్సీలో మొదటి ఏడాది పాఠం అది. మా ల్యాబ్ పెద్ద మల్లికార్జున సార్ కూడా స్పష్టంగా చెప్పాడు: "ఇది మొత్తం సీసం, నిరోషా. రెండో పరీక్ష, ఆకు పరీక్ష అయ్యాకే ఊళ్ళో చెబుదాం. పది రోజులు ఆగు." సార్ సెలవులో పోయాడు. సభకు రమ్మని సర్పంచి ఫోన్ చేశాడు. మన ఊరు మామా. చిన్నప్పుడు నేను వేసవి సెలవులకు వచ్చి గోళీలాడిన ఊరు. ఆ ఊళ్ళో నాకు కుర్చీ వేసి, మైకిచ్చి, మేడమ్ అని పిలుస్తారనుకుంటే ఆగలేకపోయాను. ప్రసన్నకుమారి అడిగినప్పుడు "ఇంకా తెలియదు" అని రెండు మాటలు అంటే సరిపోయేది. తెలియదు అనడానికి నాకు సిగ్గేసింది. ఆ సిగ్గును తీసి నీ నెత్తిన పెట్టాను.

ఇది సార్‌కు కూడా చెప్పాను. ఆయన అరవలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆ పెద్దాయనకు ఉత్తరం రాశావా?" అని అడిగాడు.

ఇక ఒక ప్రశ్న. హుసేనయ్యకు నువ్విచ్చిన మూల అంటే పాత షెడ్డు వెనకాల ఉండేదేనా? మే నెలలో నేను అటు అడుగు వెయ్యబోతే, "అక్కడ పాములుండాయి, రావద్దు" అన్నావు. పాములుండే చోట హుసేనయ్య పెరడు ఎట్లా వేసుకున్నాడు? ఆ మట్టి కూడా చూడాలి. నేను రానా?

నిరోష


ఊరి నుంచి,
12 ఆగస్టు 2024.

నిరోషకు,

ఉత్తరం అందింది. చదివాను. ఆ మూల సంగతి నీకు అక్కర లేదు. నువ్వు ఊరికి రావద్దు. నాకు ఉత్తరాలు కూడా రాయవద్దు.

ఆదినారాయణ


ఆత్మకూరు,
16 సెప్టెంబరు 2024.

మామకు,

రాయవద్దన్నా రాస్తున్నాను. ఇది చదివాక చించెయ్యి. చదవకుండా మాత్రం చించవద్దు.

నువ్వు రావద్దన్నది నేను ఒప్పుకున్న తప్పుకేననుకున్నాను. నా ముఖం చూడడం నీకు ఇష్టం లేదనుకుని ఆగిపోయాను. ఆ లోపల పెంచలమ్మ ఇంకో నెల అక్కడి మట్టిలో ఆడుకుంది. అది నా లెక్కలోకి రావాల్సిందే.

పోయిన బుధవారం ఊరికొచ్చాను. నువ్వు ఉదయగిరి ఆసుపత్రికి చెవి చూపించుకోవడానికి పోయావని అత్త చెప్పింది. నిజం చెప్పాలంటే, నువ్వు లేవని విని ఊపిరి పీల్చుకున్నాను. నేరుగా హుసేనయ్య గుడిసెకు పోయాను. ఆయన చెరువు మీదికి పోయాడు. ఆయన భార్య నాగులమ్మ పెరట్లో గోంగూర గిల్లుతోంది. మట్టి తీసుకుంటానంటే, "తీసుకో తల్లీ. ఈ చోటు మీ మామ ఇచ్చిందే. వానలకు మా గుడిసె కొట్టుకుపోతే ఆయనే పిలిచి ఇచ్చినాడు. దేవుడట్టాంటోడు" అంది.

పిల్ల గోడ వార కూర్చుని ఉంది. గోరుతో మట్టి గీకి నోట్లో పెట్టుకుంటోంది. నాగులమ్మ పోయి చెయ్యి విదిలించింది. "ఎంత కొట్టినా మానదు తల్లీ, మన్ను తింటాది." ఆ పిల్ల నా వైపు చూసింది. ఏడవలేదు. ఒక ముద్ద మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

ఎర్రమట్టి కింద జానెడు తవ్వితే నల్లగా, బరువుగా ఉండే పెళ్ళలు తగిలాయి. రెండు సంచులు తీశాను. గోంగూర, తోటకూర కోశాను. వచ్చేటప్పుడు నీ మడిలో విత్తనం రాలి తనంతట మొలిచిన తోటకూర కూడా పీక్కొచ్చాను. ఈసారి అన్ని పరీక్షలూ మల్లికార్జున సార్ పక్కన నిలబడి మూడేసి సార్లు చేయించాడు.

నీ మడి: మొత్తం సీసం నాలుగువందల పన్నెండు, మొక్కకు అందేది పద్దెనిమిది. కడిగిన ఆకులో సీసం తినే కూరకు పెట్టిన హద్దు లోపలే ఉంది. కడగని ఆకులో కడిగినదానికి దాదాపు రెట్టింపు. అది ఆకు మీది దుమ్ము.

ఆ మూల: మొత్తం సీసం అయిదువందల ముప్పై. చూడడానికి నీ మడి కంటే పెద్ద తేడా లేదు. కానీ మొక్కకు అందేది రెండువందల పది. ఆ మట్టి పుల్లగా మారిపోయింది మామా. బ్యాటరీల ఆసిడ్ దిగిన నేల అది. పులుపెక్కిన నేల సీసాన్ని పట్టుకోదు, వేరుకు వదిలేస్తుంది. ఆ గోంగూరలో సీసం హద్దుకు ఏడు రెట్లు. పైగా పిల్ల తినేది కూర ఒక్కటే కాదు, మట్టి. దానికి వేరూ ఆకూ అడ్డం లేవు.

సార్ సంతకం పెట్టిన రిపోర్టు చేతికి రాగానే నేను హుసేనయ్యకు చెప్పాలి. పిల్లకు రక్తపరీక్ష చేయించాలి. అంతకు ముందు నిన్నొకటి అడగాలి. ఆ ఎర్రమట్టి ఎవరు తోలించారు? కింద ఏముందో నీకు తెలుసా?

నిరోష


ఊరి నుంచి,
25 సెప్టెంబరు 2024.

అమ్మా నిరోషా,

తెలుసు.

ఆ షెడ్డు నేను ఇచ్చిన స్థలంలోనే నడిచింది. అది ఊళ్ళో సగం మంది మర్చిపోయారు, మిగిలిన సగం నా ఎదురుగా ఎత్తరు. మన బోరు ఎండిపోయిన ఏడాది మాల్యాద్రి వచ్చి, "ఆ మూల నాకియ్యి, బోరు లోతు చేయించి మోటారు పెట్టిస్తా" అన్నాడు. ఇచ్చాను. మూడేళ్ళు నడిపాడు. పగలగొట్టిన బ్యాటరీల ఆసిడ్ అక్కడే గుంటలో పోసేవాడు. అధికారులు వచ్చి మూయించాక వాడు ఒంగోలు వైపు పోయాడు. సీసం కరిగించగా మిగిలిన నల్ల పెళ్ళలు వదిలేసి పోయాడు. నేను రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి తోలించి కప్పించాను.

ఆ మరుసటి ఏడాది నా మేకపిల్ల అక్కడ మేసింది. వారానికి కళ్ళు కనపడనట్టు గోడలకు గుద్దుకుని, గిరగిర తిరిగి, పడి చచ్చింది. మీ అత్తకు పాము కరిచిందని చెప్పాను. పాముల మాట అక్కడ మొదలైంది. ఆ మూలలో నేనెప్పుడూ ఒక గింజ వెయ్యలేదు.

మూడేళ్ళ కింద వానలకు హుసేనయ్య గుడిసె కొట్టుకుపోయింది. నాకు మంచి చోట్లు రెండుండాయి. అవి పండే చోట్లు. ఆ మూల ఇచ్చాను. పైన మట్టి కప్పాం గదా, ఏమవుతుందిలే అనుకున్నాను. అట్లా అనుకోవడానికి ప్రయత్నించాను అని రాయడం నిజం. ఊరు నన్ను మెచ్చుకుంది. నాగులమ్మ నా కాళ్ళకు మొక్కింది. కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

సభలో నువ్వు నా పేరు చదివినప్పుడు నేను నీ వల్ల తల దించుకోలేదు. ఇదే బయటపడిందనుకున్నాను. మడి గురించేనని తెలిసి ఎంత తేలికపడ్డానో చెబితే నువ్వు నన్ను మనిషి కింద కట్టవు. మడి పీకి, నలుగురూ చూసేట్టు పూడ్చి, అదే శిక్ష అనుకుని సరిపెట్టుకుందామని చూశాను. నీ పద్దెనిమిది వచ్చినప్పుడు నాకు అందుకే కోపం. మడి మంచిదైతే నా శిక్ష అబద్ధమైపోతుంది.

నువ్వు చెప్పబోయే లోపలే నేను చెప్పాలని నీ ఉత్తరం అందిన పూటే పోయాను. హుసేనయ్య వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచాడు.

"హుసేనయ్యా, ఈ చోటులో విషం ఉండాది. పిల్లకు వచ్చిన జబ్బు దీనివల్లే కావచ్చు" అన్నాను.

వాడు ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. చెవి చూపించాను. వాడు దగ్గరికొచ్చి గట్టిగా అడిగాడు. "నీకు ఎప్పటినుంచి తెలుసయ్యా?"

"నీకిచ్చే ముందునుంచే."

వాడు మళ్ళీ అడిగాడు. ఈసారి నాకు వినపడింది. "తెలిసీ ఇచ్చినావా? మొన్న నేనొచ్చి అడిగితే భయంలేదు పో అంటివే? ఆ పొద్దన్నా చెప్పకపోతివే అయ్యా?"

ఇరవై ఏళ్ళుగా వాడు నాతో గొంతెత్తి మాట్లాడింది లేదు. నాకు వినపడాలని ప్రతి మాటా అరిచి అనాల్సి వచ్చింది. చుట్టుపక్కల వాళ్ళు వచ్చి నిలబడ్డారు. నాగులమ్మ పిల్లను ఎత్తుకుని, నోట్లో వేలు పెట్టి మన్ను తీస్తోంది. వాడు వల కింద పడేసి, "ఇంకేం చెప్పొద్దు. పో" అన్నాడు. వచ్చేశాను.

పిల్లను నెల్లూరు తీసుకుపోవడానికి నేను కారు మాట్లాడతానంటే, వద్దన్నాడు. నువ్వు పిలిస్తే వస్తాడు. నువ్వు తీసుకుపో.

మీ అమ్మకు నువ్వే చెప్పు. దాచవద్దు.

ఆదినారాయణ


ఆత్మకూరు,
18 నవంబరు 2024.

మామకు,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళు జవాబు రాయలేకపోయాను. ఏమని రాయాలో తెలియలేదు. ఇప్పుడూ తెలియదు. జరిగినవి రాస్తాను.

పిల్లను నెల్లూరు తీసుకుపోయాం. హుసేనయ్య, నాగులమ్మ, నేను. రక్తం చెన్నైకి పంపారు. సీసం ముప్పై ఎనిమిది వచ్చింది. పిల్లల రక్తంలో అయిదు దాటితేనే జాగ్రత్త పడమంటారు. మందులతో బయటికి లాగేంత కాదు, ముందు ఆ చోటు నుంచి మార్చండి, పాలు, గుడ్లు, రాగులు పెట్టండి, ఇనుము మందు వాడండి, మూడు నెలలకు మళ్ళీ చూద్దాం అన్నాడు డాక్టరు. మాటలు రాకపోవడం దీనివల్లేనా అని హుసేనయ్య అడిగాడు. "కావచ్చు, కాకపోవచ్చు, చెప్పలేను" అన్నాడు. ఆ "చెప్పలేను" అనే మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడో! నేను తల తిప్పుకున్నాను.

వాళ్ళు అనంతసాగరం దగ్గర నాగులమ్మ తమ్ముడి ఊరికి పోయారని నీకు తెలిసే ఉంటుంది.

మొన్న ఊళ్ళో రెండో సభ పెట్టించాం. నువ్వు వెనక నిలబడి ఉన్నావు, నేను చూశాను. జూన్‌లో మూడువందల మంది వచ్చారు. ఇప్పుడు పదకొండు మంది. నేను చదివింది మొత్తం సీసమని, మొక్కకు అందేది కొలవకుండా మాట్లాడానని, అది నా తప్పని మైకులో చెప్పాను. ప్రసన్నకుమారి వచ్చి, "నువ్వు చెప్పింది అర్థమైందిలేమ్మా. అయినా మళ్ళీ ఆ మడి కూర తెస్తే పిలకాయల తల్లులు ఊరుకోరు" అంది. ఆమెను అనడానికి ఏముంది?

ఆ మూల గురించి చెప్పేటప్పుడు నేను స్థలం ఎవరిదో చెప్పకుండా దాటేశాను. నువ్వు ముందుకొచ్చి, "అది నాది. నేను తెలిసే ఇచ్చినాను" అన్నావు. నాకంటే నువ్వు ధైర్యం చేశావు. ఆ ధైర్యాన్ని మెచ్చుకోలేకపోతున్నాను మామా, క్షమించు. ఆ పిల్ల గుర్తొస్తోంది. కానీ నువ్వు నా మామవు, అది పోదు.

నల్ల పెళ్ళలు తవ్వి తీసుకుపోవడానికి అనుమతి వచ్చింది. పెద్ద వానలు పడకముందే చేయాలి. తీశాక మిగిలిన మట్టిలో సున్నం కలపాలి, పులుపు విరిగితే సీసం కదలకుండా ఉంటుంది. పైన మందంగా మట్టి కప్పి కంచె వెయ్యాలి. అక్కడ తినేది ఏదీ పెంచకూడదు. ఏడాది తర్వాత మళ్ళీ కొలుస్తాను. ఈసారి రెండు అంకెలూ రాయించి పంచాయతీ గోడకు అంటిస్తాను.

నిరోష


ఊరి నుంచి,
9 ఫిబ్రవరి 2025.

అమ్మా నిరోషా,

సున్నం కలపడం డిసెంబరులోనే అయిపోయింది. కూలీలను పెట్టారు గానీ నేనూ పార పట్టాను. కంచె వేశారు. మడిలో ఈ ఏడాది శనగ వేశాను. కూర ఎవరూ కొనరు. మీ అత్త ఇంట్లోకి నాలుగు మొక్కలు పెట్టుకుంది, నువ్వు చెప్పినట్టు మూడు నీళ్ళు కడిగి వండుతోంది. మీ అమ్మ వచ్చి రెండు రోజులుంది. నాతో మాట్లాడింది తక్కువ.

మంగళవారం నేను అనంతసాగరం పోయాను. ఆత్మకూరులో బస్సు దిగి షేరాటో ఎక్కాను. నీ గదికి వస్తే నన్ను ఆపుతావేమోనని రాలేదు. రాగులు, బెల్లం, నాటుకోడి గుడ్లు గంపలో పెట్టి మీ అత్త ఇచ్చింది. "వాళ్ళు తీసుకోకపోతే తిరిగి తీసుకురావద్దు, ఎవరికన్నా ఇచ్చెయ్" అంది.

కొత్త గుడిసె కాలవ గట్టు పక్కన వేసుకున్నారు. హుసేనయ్య వరికోతకు సంగం వైపు పోబోతున్నాడు. నన్ను చూసి, ఎవరో దోవ తప్పి వచ్చినట్టు చూశాడు. కూర్చోమనలేదు. నేను నిలబడే ఉన్నాను.

"రక్తపరీక్ష మళ్ళీ చేయించినారా?" అని అడిగాను.

వాడు చేత్తో రెండు వేళ్ళు, తర్వాత ఏడు వేళ్ళు చూపించాడు. ఇరవై ఏడు. నాకోసం అరవడం వాడికి ఇష్టం లేదు కాబోలు.

"తగ్గింది గదా" అన్నాను.

అప్పుడు మాత్రం దగ్గరికొచ్చి గట్టిగా అన్నాడు. "తగ్గింది. ఇంకా ఉండాది."

నాగులమ్మ లోపలినుంచి వచ్చింది. గంప వైపు చూసి, "ఆడ పెట్టు" అంది. పెట్టాను. మొక్కలేదు, తిట్టలేదు. పిల్ల ఆమె కొంగు పట్టుకుని వచ్చింది. కాస్త ఒళ్ళు చేసింది. మాటలు మూడో నాలుగో వచ్చాయట. "నీల్లు" అంటుందట, "మావ" అంటుందట. నా ముందు ఏమీ అనలేదు. అనినా నాకు వినపడి ఉండదు.

మళ్ళీ పరీక్షకు నెల్లూరు పోయేటప్పుడు నేనూ వస్తానన్నాను. హుసేనయ్య తల అడ్డంగా ఊపాడు. "నువ్వెందుకు? నీ పని నువ్వు చూసుకో అయ్యా" అన్నాడు. ఇంతకాలం అయ్యా అని ఎట్లా అన్నాడో అట్లాగే అన్నాడు గానీ, నన్ను కాకుండా ఇంకెవరినో అన్నట్టుంది.

ఆటో కోసం గట్టు మీద నిలబడి ఉంటే పిల్ల తడిక దాకా వచ్చి నన్ను చూస్తోంది. చెయ్యి ఊపుదామనుకున్నాను. ఊపలేకపోయాను. లోపలినుంచి ఎవరో పిలిచినట్టున్నారు, వెనక్కి తిరిగి పరిగెత్తింది.

వచ్చే నెల మళ్ళీ పోతాను. రావద్దని చెబితే గట్టు మీదినుంచే చూసి వస్తాను.

ఆదినారాయణ